ముట్టని నీళ్లు

పోయిన వారం సుమనను కుట్టు మిషన్ ముందు ఏడుస్తుండగా వదిలేసి వచ్చాం. అలా వదిలేసి రావడం నాకూ మంచిగా అనిపించలేదు. కానీ ఏడ్చే మనిషిని కాసేపు ఏడవనివ్వాలి, పక్కన కూర్చుని ఏమైంది ఏమైంది అని పీక్కు తినకూడదు.

కల్వకుర్తిలో శ్రీశైలం పోయే రోడ్డు మీద ఆమె మడిగె, చిన్న దుకాణం. ముందు కుట్టు మిషన్, వెనక రెండు గదుల కిరాయి ఇల్లు. ఆ ఇంట్లో ఆమె, ఆమె తండ్రి యాదయ్య. ఆ మడిగె ముందు నిలబడే నరేష్ అడిగాడు, నా ఇంటికి వస్తావా అని. ఒకప్పుడు డిగ్రీ కాలేజీలో ఆమె ఎక్కిన బస్సే ఎక్కాలని తన ఊరి బస్సు వదిలేసుకున్న నరేషే. ఇప్పుడు కాలిపోయిన బోరు మోటార్లకు తీగ చుట్టి బాగు చేస్తాడు. భార్య మమత కరోనాలో పోయింది. స్నిగ్ధ అని ఎనిమిదేళ్ల కూతురు ఉంది. ఆ పిల్ల స్కూలు డ్రెస్సు కుట్టించడానికి వచ్చినప్పుడే వీళ్లిద్దరూ మళ్లీ ఎదురుపడ్డారు. అడగడానికి అతనికి ఆర్నెల్లు పట్టింది. వద్దనడానికి ఆమెకు అర నిమిషం పట్టలేదు.

"మీ బాపు నా చేతి నీళ్లు ముట్టలే నరేష్. గిలాస ఎట్లిచ్చిన్నో గట్లనే పీట మీద వెట్టి పోయిండు. గా ముచ్చట మర్చిపోయి మీ ఇంట్ల ఎట్ల తిరగాలె నేను? దినాం గాయినకు నీళ్లిచ్చెటప్పుడు నా చెయ్యి వణకదా?"

నరేష్ వాదించలేదు. "సరే. ఇగ అడగ" అని బండెక్కి పోయాడు. కోపంతో అని ఉంటే బాగుండేది. అలిసిపోయి అన్నాడు.

ఆ గిలాస సంగతి కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం మళ్లీ చెబుతాను. సుమన పుట్టింది ఎర్రగుంటపల్లిలో. ఆ ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడు. తాగినవాళ్ల పళ్లు పచ్చబడతాయి, మోకాళ్లు వంకర పోతాయి, వెన్ను బిగుసుకుపోతుంది. ఆ ఊరికి ఎవరూ పిల్లనివ్వరు, ఆ ఊరి పిల్లను చేసుకోవడానికి కూడా వెనకా ముందూ ఆడతారు. తెలంగాణ వచ్చిన ఏడు ఎండాకాలంలో, నరేష్ పట్టుబట్టి పంపితే, అతని తండ్రి పోచయ్య పిల్లను అడగడానికి ఆ ఊరు వచ్చాడు. మా వైపు పిల్లను అడగవచ్చినవాళ్లు ఇష్టం లేదని నోటితో అనరు. పిల్ల చేతి నీళ్లు తాగితే మాట కలిసినట్టు. ఆ తర్వాత పిల్ల తరఫువాళ్లు పిల్లగాని ఇల్లు చూడ పోతారు. నీళ్లు ముట్టకుండా లేస్తే ఈ సంబంధం వద్దన్నట్టు. పోచయ్య లేచిపోయేసరికి గిలాస నిండుగానే ఉంది. మన నీళ్లకు భయపడ్డవాళ్ల ఇంటికి మన పిల్ల ఎందుకని యాదయ్య రోషపడ్డాడు. నెల తిరగకుండా హైదరాబాదులో ఇంకో సంబంధానికి ఇచ్చేశాడు. ఆ మొగుడికి అప్పటికే వేరే కాపురం ఉంది. నాలుగేళ్లు భరించి, పెద్దమనుషుల్లో తెగతెంపులు చేసుకుని, సుమన ఒక్క పెట్టెతో తిరిగి వచ్చింది.

ఇక ఈ ఆదివారానికి వద్దాం.

మడిగె మూసి ఉంది. సుమన వెనక గదిలో అన్నం వార్చుతోంది. యాదయ్య రోడ్డు వైపు తెరుచుకునే గడప పక్కన పీట మీద కూర్చున్నాడు. ఆయన కూర్చోవడం చూస్తే, కొత్తవాళ్లు ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నాడని అనుకుంటారు. మెడా వెన్నూ ఒకే కట్టెలా బిగుసుకుపోయి, తల కిందికి వంగి ఉండిపోయింది. ఎదుటి మనిషి మొఖం చూడాలంటే ఆయన వెల్లకిలా పడుకోవాలి. అంత తిప్పలు ఎవరి కోసం పడతాడు? చూడడం ఎప్పుడో మానేశాడు. ఆయనకు మనుషులంటే కాళ్లే. పాలు పోసే మనిషిని చెప్పులను బట్టి, ఇంటి ఓనరును పంచె అంచును బట్టి పోల్చుకుంటాడు.

బయట ఆటో ఆగింది. ఎవరో మెల్లగా, పట్టుకుని పట్టుకుని దిగారు. కాసేపటికి యాదయ్య కళ్ల ముందు రెండు పాదాలు వచ్చి నిలిచాయి. ఉబ్బి ఉన్నాయి. ఎడమ పాదానికి బొటనవేలు లేదు. పిల్లను అడగవచ్చిననాడు కూడా చూసిన ఆ లేని వేలి జాగాను యాదయ్య చాలాసేపు చూశాడు.

"పోచయ్య కాళ్లు గదా ఇవి" అన్నాడు. "గీ కాళ్లకు మా ఇల్లు ఎట్ల యాదికొచ్చింది?"

ఆ పేరు వినగానే సుమన గంటె చేతిలో పట్టుకునే బయటికి వచ్చింది. వచ్చిందే గాని మనిషిని పోల్చుకోలేకపోయింది. ఆమెకు గుర్తున్న పోచయ్య గుమ్మంలో తల వంచుకుని దూరాల్సినంత నిలువెత్తు మనిషి. ఇప్పుడు చొక్కా భుజాల మీద నిలవడం లేదు. మొఖం నల్లబడింది, పెదవులు ఎండి పగిలాయి. ఎడమ చేతికి తెల్లటి పట్టీ. "మా తాతకు దవాఖానల మిషన్ వెట్టి రక్తం కడుగుతరు ఆంటీ" అని స్నిగ్ధ ఒకసారి చెప్పింది. వింటే ఒక తీరు, కళ్లారా చూస్తే ఇంకో తీరు.

"మంచిగున్నవా యాదయ్య బావా?" అన్నాడు పోచయ్య.

"ఎవలకు బావ?"

"సరే, కాదను. కూసోమనకుంటె నిలవడే మాట్లాడుత. గాని కాళ్లు ఆగెటట్టు లేవు."

సుమన కుర్చీ తెచ్చి వేసింది. వేయకూడదని గట్టిగానే అనుకుంది. కానీ ముసలి మనిషి ఎండలో నిలబడి అటూ ఇటూ ఊగుతుంటే ఎంతసేపని చూస్తుంది? పోచయ్య కూర్చుని, ఊపిరి తీసుకుని, మొదటి మాటగా ఆమెనే అడిగాడు.

"బిడ్డా, జర నీళ్లియ్యవా?"

సుమన కదలలేదు. తండ్రి నవ్విన చప్పుడు వినిపించింది. యాదయ్య అలా నవ్వితే ఇంట్లో ఎవరికీ మంచిది కాదు.

"నీళ్లా? ఏ నీళ్లు పోచయ్యా? గప్పుడు బోరు నీళ్లని బయపడ్డవు. గిప్పుడు నల్లాలల్ల కృష్ణ నీళ్లు వస్తున్నయని ధైర్నమొచ్చిందా? నల్లా వచ్చినంక మా పిల్ల మంచిదయిందా? నువ్వు పోయినంక నా పెండ్లాం గోవిందమ్మ గా గిలాస వట్టుకొని ఎంతసేపు కూసున్నదో నీకెర్కేనా? పారవొయ్యబుద్ధి గాలె దానికి. నీళ్లు పారవోసె ఊరు గాదు మాది."

"చెల్లె ఏది? లోపట ఉన్నదా?"

"పోయింది. గా గిలాస ముచ్చట జెప్పుకుంటనే పోయింది."

పోచయ్య తల వంచుకున్నాడు. పట్టీ కట్టిన చేతిని ఇంకో చేత్తో పట్టుకున్నాడు. పక్క ఇంట్లో కుక్కర్ కూత పెట్టి ఆగింది.

"రాత్రి మా పోరడు చెప్పిండు" అన్నాడు చివరికి. "నేను నీళ్లు ముట్టలేదని మీరు పిల్లనియ్యలేదట. ఇన్నేండ్ల సంది నాకు గా ముచ్చటే తెల్వదు బావా. నేనేమనుకున్ననో ఎర్కేనా? ఇల్లు చూడనీకి మీరొస్తరని ఎదురు చూసిన. ఇంటికి సున్నం ఏపిచ్చిన. మా పెద్దబిడ్డ స్వరూప దినాం వాకిలూడ్చి సానుపు జల్లేది, ఇయ్యాల వస్తరు, ఇయ్యాల వస్తరనుకుంట. ఎవ్వలు రాలె. నెలకు పిల్ల పెండ్లయిందని ఎర్కయింది. మేము మీకు ఆనలేదనుకున్నం. మా పోరడు మూడొద్దులు అన్నం ముట్టలె."

"నీళ్లు ముట్టనోని ఇంటికి ఇల్లు చూడ ఎట్లొస్తమనుకున్నవ్?"

"ముట్టిన" అన్నాడు పోచయ్య. "ముట్టిన బావా. తాగలే. గంతే."

సుమన గంటెను గోడకు ఆనించి, గడప మీద కూర్చుండిపోయింది.

"నేను కూసున్న కాడికెంచి మీ వంటిల్లు కనవడ్తాంది" అన్నాడు పోచయ్య. ఆయన ఇప్పుడు యాదయ్యతో మాట్లాడుతున్నట్టు లేదు, ఆ పాత ఇంట్లోకి మళ్లీ చూస్తున్నట్టు ఉంది. "మూలకు నీళ్ల క్యాన్. మీ ఊర్లె గప్పుడు అందరు కొనుక్కునే తాగేది గదా. చెల్లె గా క్యాన్ వంచింది. పూరంగ వంచింది. అడుగుకు చెయ్యి వెట్టి ఎత్తింది. ఆఖరి సుక్కదాంక నా గిలాసలకే వచ్చినయి. గప్పుడే నీ చిన్న కొడుకు, గా పోరడు..."

"సతీశ్" అంది సుమన.

"సతీశ్. అమ్మా దూపయితాందే అన్నడు. చెల్లె నా దిక్కు ఓపారి జూసింది. నేను ఇన్ననేమోనని. పోరని నోటి మీద చెయ్యి వెట్టి, బిందెలకెంచి బోరు నీళ్లు ముంచి ఇచ్చింది. దొడ్డికాళ్ల పోరడు. గా బోరు నీళ్లు తాగే గట్లయినయి కాళ్లు. గటగట తాగిండు. మంచి నీళ్లేమో నా చేతిల ఉన్నయి. నాకు గొంతు దిగుతదా బావా?"

పోచయ్య పగిలిన పెదవులను నాలుకతో తడుపుకున్నాడు.

"గీ నీళ్లు పోరనికి తాపున్రి అని నోటిదాంక వచ్చింది. పిల్లనడగ వచ్చిన కొత్త సుట్టం గట్లంటె బాగుంటదా? మీ ఇంట్ల నీళ్లు లేవని నలుగుట్ల ఎత్తి చూపినట్టయితది. అందుకే గిలాస తీసుకొని రెండు కండ్లకద్దుకున్న. గుడిల తీర్థం అద్దుకుంటం సూడు, గట్ల. అద్దుకొని పీట మీద వెట్టిన. నేను లేసినంక పోరడు తాగుతడని. కండ్లకద్దుకున్నోడు సంబంధం వద్దంటడా? నువ్వు ఎదురుంగనే కూసున్నవు. చూసినవనుకున్న."

యాదయ్య చూడలేదు.

ఎలా చూస్తాడు? అప్పటికే ఆయన మెడ వంగిపోయింది. ఆయన చూపు అందేది పీట ఎత్తు వరకే. గిలాస పీట మీద నుంచి లేచింది, ఆయన చూపు దాటి పైకి పోయింది, మళ్లీ నిండుగా కిందికి వచ్చింది. మధ్యలో పైన ఏం జరిగిందో ఆయనకు తెలియదు. గోవిందమ్మ సిగ్గుపడి పొయ్యి వైపు తిరిగింది. సుమన నీళ్లిచ్చి, ఆడపిల్లలకు చెప్పినట్టే తలవంచుకుని తలుపు చాటుకు పోయింది. తల ఎత్తగలిగిన ఇద్దరూ ఎత్తలేదు. ఎదురుగా కూర్చున్నవాడికేమో మెడ లేవలేదు.

"నేను మొఖం జూడలే" అన్నాడు యాదయ్య. "గిలాసనే జూసిన. నిండుగ ఉన్నదని జూసిన. గంతే జూసిన."

ఆయన ఏడుస్తున్నాడని సుమనకు నేలను చూస్తే తెలిసింది. తల ఎప్పుడూ కిందికే ఉంటుంది కాబట్టి ఆయన కన్నీళ్లు చెంపల మీద పారవు. నేరుగా బండ మీద పడతాయి. సిమెంటు బండ మీద ఒక్కొక్క చుక్కా పడి, ఎండకు వెంటనే ఆరిపోతోంది.

ఆమెకు మాత్రం ముందు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఒళ్లంతా మండిపోయేంత కోపం. హైదరాబాదులో ఆ ఇరుకు గదిలో, మొగుడు ఇవాళైనా వస్తాడా రాడా అని చూసిన రాత్రులన్నీ గుర్తుకొచ్చాయి. బస్సులో నరేష్ పెళ్లి కార్డు ఎవరి చేతిలోనో చూసి, తన స్టాపు రాకముందే దిగిపోయిన రోజు గుర్తుకొచ్చింది. ఆ కోపం ఎవరి మీద చూపాలా అని వెతికితే ఒక్క మనిషి దొరకలేదు. తమ్ముడికి దాహం వేయడం తప్పా? అమ్మ చుట్టానికి మంచి నీళ్లు ఇవ్వడం తప్పా? ఈ ముసలాయన ఒక పిల్లవాడి కాళ్లు చూసి గిలాస దించడం తప్పా? తిట్టుకోవడానికి ఒకరైనా ఉంటే దుఃఖం కొంత తేలికవుతుంది. ఆమెకు ఆ తేలిక కూడా లేదు.

"ఒక్క మాట అడగకపోయినవా నాయినా?" అంది. "ఎందుకు తాగలే అని. ఒక్క మాట."

"ఆడపిల్ల తండ్రిని బిడ్డా. ఎట్లడుగుత?"

ఆమె పోచయ్య వైపు తిరిగింది. "మీరన్న మల్లొకపారి రాకపోయిన్రా?"

"పిల్లగాని తండ్రిని. పిల్ల తరపోళ్లు గడప తొక్కకముందు నేను మల్లెట్లొస్త బిడ్డా?"

ఇద్దరూ మర్యాదస్తులే. తగలబెట్టనా ఆ మర్యాదను! ఇద్దరు మంచివాళ్లు మర్యాద కోసం నోరు మూసుకుంటే, మధ్యలో ఒక ఆడపిల్ల బతుకు బుగ్గయింది. ఆ ఇద్దరూ ఇప్పుడు ఎదురెదురుగా కూర్చుని ముక్కులు ఎగబీలుస్తున్నారు.

సుమన లేచి లోపలికి పోయింది. అర మీద అమ్మ గిలాసలు ఉన్నాయి, 'గోవిందమ్మ' అని పేరు చెక్కించుకున్న స్టీలు గిలాసలు. ఏ గిలాస ఆ రోజుదో ఆమెకు తెలుసు. అంచు దగ్గర చిన్న సొట్ట ఉంటుంది. ఊరు వదిలి వచ్చినా దాన్ని వదలలేదు, దాంట్లో నీళ్లు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. కడిగింది. మళ్లీ కడిగింది. రంజన్ కుండ మూత తీసి, నీళ్లు ముంచబోయి ఆగింది. రక్తం కడిగించుకునేవాళ్లు కొలిచి తాగాలని ఆమె విన్నది.

"సగమే తేనా?" అని లోపలి నుంచే అడిగింది.

"నిండ తే బిడ్డా" అన్నాడు పోచయ్య. "డాక్టర్లు దినానికి గింతే తాగాలని గీత గీసిన బాటిల్ ఇచ్చిన్రు. ఇయ్యాల పొద్దుగాల సంది దాని మూత తియ్యలే. మీ ఇంట్ల తాగుదామని ఆపుకున్న."

అప్పుడు వచ్చింది ఆమెకు ఏడుపు. రంజన్ మీద చెయ్యి పెట్టుకుని, చప్పుడు బయటికి పోకుండా ఏడ్చింది. ఈ ఎండలో, ఆ పగిలిన పెదవులతో, ఒక్క గుటక మింగకుండా ఆటోలో వచ్చిన మనిషిని ఇన్నేళ్లూ తాను ఏమనుకుంది? కల్లోకి వస్తే మొఖం తిప్పుకుంది. ఆయన కొడుకు చెయ్యి చాపితే, ఈయన్ను అడ్డం పెట్టుకుని వద్దంది.

ఆమె గిలాస తెచ్చి ఇచ్చింది. పోచయ్య అందుకుని తాగలేదు. కుర్చీ చెయ్యి పట్టుకుని లేచాడు. తర్వాత ఒక మోకాలు, ఇంకో మోకాలు, మూలుగుతూ నేల మీదికి దిగాడు. సుమన పట్టుకోబోతే వద్దన్నట్టు తల ఊపాడు. యాదయ్య పీటకు ఎదురుగా, ఆయన చూపు పడే చోట, బండ మీద బాసిపెట్లు వేసుకుని కూర్చున్నాడు.

"గీ పారి జూడు బావా."

గిలాసను రెండు కళ్లకూ అద్దుకున్నాడు. తర్వాత ఎత్తి తాగాడు. మెల్లగా, ఆగకుండా తాగాడు. చివరి చుక్క అయ్యాక గిలాసను బోర్లించి చూపాడు.

యాదయ్య ఆ మొఖాన్ని చూశాడు. తన కూతురిని అడగవచ్చిన మనిషి మొఖం ఆయన చూడడం అదే మొదటిసారి.

"గింత ముసలోనివా పోచయ్య బావా" అన్నాడు.

"నువ్వేమన్న పెండ్లికొడుకు లెక్క ఉన్నవా?"

ఇద్దరూ నవ్వారు, నవ్వలేకపోయారు. యాదయ్య చెయ్యి చాపితే పోచయ్య పట్టుకున్నాడు. సుమన తల తిప్పుకుని రోడ్డు వైపు చూసింది. శ్రీశైలం బస్సు ఒకటి నిండుగా పోతోంది.

పోచయ్యే మళ్లీ మాట ఎత్తాడు. "బిడ్డా, నిన్ను బలిమి జెయ్యనీకి రాలె నేను. ఉన్నది చెప్పి నీళ్లు తాగి పోదామని వచ్చిన. వద్దంటె వద్దే. గాని ఇంకో సంగతి దాస్తె నాకు పాపం. పొద్దుగాల స్వరూప తమ్మున్ని దీస్కొని అమ్రాబాద్ దిక్కు పోయింది. పిల్లను జూడనీకి."

సుమన ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది.

"స్నిగ్ధను గూడ తీస్కపోయిన్రు. జర ఆగున్రి, నేను పోయొస్త అన్న. స్వరూప ఆగలె. గామె వద్దన్నదట గదా బాపూ, ఇంకెన్నేండ్లు కూసుండాలె వీడు అన్నది. వద్దన్న మాట నిజమే గదా బిడ్డా. దాన్నేమంట? పోరడు ఏం అనలె. అక్క తొడుక్కోమన్న అంగి తొడుక్కొని కారెక్కిండు."

"ఎన్నిటికి పోయిన్రు మామా?"

ఆ పిలుపు ఆమె నోటి నుంచి ఎప్పుడు వచ్చిందో ఆమెకే తెలియదు. పోచయ్య విన్నాడు. విని, కళ్లు తుడుచుకుని, ఎండ వైపు చూశాడు.

"ఈపాటికి చేరి ఉంటరు. నీకు ఎర్కే గదా నరేష్ తీరు. గా పిల్ల చేతి నీళ్లు తాగిండంటె మాట ఇచ్చినట్టే. మల్ల ఎన్కకు రాడు. నీకైనట్టు ఇంకో ఆడపిల్లకు కానియ్యడు వాడు."

అవును, కానివ్వడు. అది సుమనకంటే బాగా ఎవరికి తెలుసు? అతనిలో ఆమె ప్రేమించింది ఆ గుణాన్నే. ఇప్పుడు ఆ గుణమే అడ్డం వచ్చేలా ఉంది. అక్కడ గడప మీద ఇంకో పిల్ల ఉంటుంది. తనలాగే తలవంచుకుని గిలాస పట్టుకొస్తుంది. ఆ పిల్ల ఏం పాపం చేసింది? ఆ ఆలోచనకు సుమన ఫోను అందుకోబోయి ఆగి, తండ్రి వైపు చూసింది.

"నా దిక్కేం జూస్తవు బిడ్డా" అన్నాడు యాదయ్య, ఆమె కాళ్లను చూస్తూనే. "నేను జూసి చేసిన సంబంధం చాలు. ఫోన్ చెయ్యి. ఇంకా నీళ్లు తాగకముందే చెయ్యి."

ఆమె చేసింది. మీరు కాల్ చేసిన వ్యక్తి అందుబాటులో లేరు. నల్లమల అడవిలో ఫోన్లు దొరకడమంటే దేవుడు దొరికినట్టే. మళ్లీ చేసింది. మళ్లీ అదే ఆడగొంతు, అదే మాట. మడిగె ముందుకు పరిగెత్తి, రోడ్డు మీద నిలబడి చేసింది. చెప్పులు వేసుకోలేదు, తారు కాలుతోంది, ఆమెకు తెలియడం లేదు.

మోగింది.

"హలో, ఎవరు?" చిన్న గొంతు.

"స్నిగ్ధా! నేనమ్మా, టైలర్ ఆంటీని. నాయినకియ్యి ఫోను. జల్ది."

"ఆంటీ! నేను కారుల ఉన్న. నాయిన ఫోన్ల గేమ్ ఆడుతున్న. ఈడ కోతులున్నయి ఆంటీ, మస్తున్నయి."

"నాయిన యాడున్నడు తల్లీ?"

"లోపట. అందరు కూసున్నరు. గా అక్క ప్లేట్ల నీళ్లు తెచ్చింది. స్వరూపత్తమ్మ తాగింది."

"ఉరుకు తల్లీ. నీకు దండం వెడత. ఉరికి నాయినకు ఫోనియ్యి, సుమన ఆంటీ అని చెప్పు."

కారు తలుపు చప్పుడు. చిన్న కాళ్లు ఎండుటాకుల మీద ఉరికిన చప్పుడు. ఎవరో పెద్దవాళ్లు "ఆగమ్మా, లోపటికి రాకు, మాట్లాడుతున్నరు" అన్నారు. స్నిగ్ధ ఆగిపోయినట్టుంది. గొంతు తగ్గించి, గుసగుసగా చెప్పింది.

"కిటికీలకెంచి కనవడ్తుండు ఆంటీ. నాయిన గిలాస కింద వెట్టిండు."

సుమన కాళ్ల కింది తారు అప్పుడు కాలింది.

"దాంట్ల నీళ్లున్నయా? నిండుగున్నదా, ఖాళీగున్నదా? జూడు తల్లీ..."

ఆ మాట అంటూనే ఆమె ఆగిపోయింది. వెనక గడప పక్కన తండ్రి పీట మీద వంగి, నేల వైపే చూస్తూ ఉన్నాడు. ఆయన ముందు బండ మీద సొట్ట గిలాస బోర్లించి ఉంది.

"వద్దు" అంది. "గిలాస జూడకు బిడ్డా. మీ నాయిన మొఖం జూడు. మొఖం ఎట్లున్నదో చెప్పు."

"నాయిన మొఖమా?" అంది స్నిగ్ధ. "నాయిన మొఖం..."

అంతే. లైను తెగిపోయింది. సుమన చెవి దగ్గర ఫోను అలాగే పెట్టుకుని, శ్రీశైలం రోడ్డు మీద ఎండలో నిలబడి ఉంది.